ఎప్పుడొస్తాడని అడగకూడదు

మొన్న పిఠాపురం చేపల బజారులో ఒక అమ్మాయి నా నోరు మూయించి వెళ్ళిపోయింది. మా వరసలో కూర్చునే ఆడవాళ్ళు ఇప్పటికీ ఆ సంగతి చెప్పుకుని నవ్వుతున్నారు.

"పిన్నిగారూ, ఈ వంజరం ఇవాల్టిదేనా అండి?" అని అడిగింది. నా తెల్లజుట్టు చూసి కూడా పిన్నిగారూ అంది కదా అని కాస్త మర్యాదగానే మాట్లాడాను.

"నిన్నటిదైతే నీకేసి అంత కోపంగా చూస్తుందా అమ్మా?"

"కిలో ఎంతండి?"

"ఎంతమంది తింటారు?"

"నలుగురమండి. ముళ్ళెక్కువుంటాయా?"

"ముళ్ళు మీకొద్దా, మీ అత్తగారికొద్దా?"

పక్కన రొయ్యలమ్మే ఆవిడ కిసుక్కుమంది. ఆ అమ్మాయి మాత్రం నవ్వలేదు. చేతిలో సంచి కింద పెట్టి, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగింది. "ఒక మాట అడిగితే ఇంకో మాట అడుగుతారేంటండీ? ఎప్పుడైనా, దేనికైనా, సూటిగా జవాబు చెప్పారా మీరు?"

మామూలుగా అయితే ఆ మాటకి నా దగ్గర పది మాటలున్నాయి. నోరు తెరిచాను కూడా. ఒక్కటీ రాలేదు. ఎందుకంటే చెప్పాను. బడిలో సంగతి వదిలేస్తే ఒక్కసారి చెప్పాను. ఆ ధ్యాసలో తల, తోక రెండూ తీసెయ్యమంటే తల తీసేసి తోక ఉంచి ఇచ్చేశాను. ఆ అమ్మాయి పోనీలెండి అని పట్టుకెళ్ళిపోయింది. పోయింది గానీ ఆ ప్రశ్న మాత్రం నా గంపలోనే వదిలేసి పోయింది.

మా వీధి ఇప్పుడు సముద్రంలో ఉంది. ఉప్పాడలో నువ్వెక్కడ పుట్టావని ఎవరైనా అడిగితే నీళ్ళకేసి వేలు చూపిస్తాను. వేళాకోళం అనుకుంటారు. కాదు. ఆ కెరటం విరిగే చోటికి ఇంకాస్త అవతల మా తాటాకిల్లు, దాని పక్కన నెత్తళ్ళ చేపలు ఆరబోసుకునే ఇసక దిబ్బ, దాని వెనక మా బడి. ఎండబెట్టిన చేప, తడి వల, కట్టెల పొగ, పొయ్యి మీద చింతకాయ వేసి కాగుతున్న పులుసు, అన్నీ కలిసి ఒకటే వాసన. అందులో ఉన్నంతకాలం అది వాసనని మాకు తెలియదు. మెరక మీద ఊరి నుంచి సైకిలు తొక్కుకుంటూ వచ్చే మా మాస్టారు వీధి మొదట్లో జేబురుమాలు తీసి ముక్కుకి అడ్డం పెట్టుకుంటే, పాపం ఆయనకి ఎప్పుడూ జలుబే అనుకునేదాన్ని.

ఇంట్లో నలుగురం. నాన్న, అమ్మ, నాన్నని కన్న మామ్మ, నేను. మామ్మకి పళ్ళు లేవు గానీ మాట కొరికేది. మా ఇంట్లోనే కాదు, వీధి వీధంతా ఒక కట్టుబాటు ఉండేది. వేటకి వెళ్ళే మనిషిని ఎక్కడికి అని అడగకూడదు. ఎప్పుడొస్తావని అసలే అడగకూడదు. అడిగితే సముద్రం వింటుందని మామ్మ చెప్పేది. ఎవరైనా తెలియక అడిగితే ఆ మనిషి జవాబు చెప్పకూడదు. తిరిగి ఇంకేదైనా అడిగెయ్యాలి. "వేటకేనా?" అంటే "మీ ఇంట్లో కూరేం లేదా?" అనాలి. "రేపొత్తావా?" అంటే "రేపు నీకేం పనుంది?" అనాలి. ప్రశ్న మీద ప్రశ్న వేస్తే ఆ మొదటి ప్రశ్న మట్టిలో పడిపోతుందట. సముద్రానికి అందదట. అలా మొగాళ్ళ నుంచి ఆడవాళ్ళకీ, వేట నుంచి పొయ్యి దగ్గరికీ ఆ అలవాటు పాకింది. మా వీధిలో ఉప్పుందా అని అడిగినా ఉందని చెప్పేవాళ్ళు కారు. "ఎంత కావాలి?" అనేవాళ్ళు.

పిల్లలం దాన్ని ఆటగా మార్చేశాం. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి ప్రశ్నలే మాట్లాడాలి. సూటిగా జవాబు చెప్పినవాళ్ళు ఓడినట్టు, వేయించిన నెత్తళ్ళు రెండు ఇచ్చుకోవాలి. నేను ఓడింది లేదు. ఒక వేసవిలో అయితే మా అమ్మ నాకు పెట్టిన వాటికన్నా నేను గెలిచి తిన్నవే ఎక్కువ.

అంతటితో ఊరుకున్నానా? మా వీధి చివర ఒక ముసలాయన ఉండేవాడు. దారిలో మేం ఆడుకుంటే వల పాడవుతుందని తరిమేవాడు. ఆయన వల భుజాన వేసుకుని బయల్దేరగానే ఎదురెళ్ళి, "తాతా, ఎక్కడికి?" అని అడిగాను. కావాలని అడిగితే ఎదురు ప్రశ్న చాలదట, పాపం మనిషి మొహం మాడ్చుకుని వెనక్కెళ్ళి, గుమ్మంలో కూర్చుని, మంచినీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరాడు. రెండోసారి ఇంటి వెనక నుంచి చుట్టు తిరిగి వెళ్ళి, "తాతా, ఎప్పుడొత్తావు?" అన్నాను. మళ్ళీ వెనక్కి. మళ్ళీ నీళ్ళు. మూడోసారి నేను నోరు తెరవకముందే, "అమ్మా తల్లీ, నా కడుపులో ఇంక నీళ్ళకి చోటులేదే" అని రెండు చేతులూ జోడించాడు. సాయంత్రం మామ్మ నా రెండు చెవులూ మెలిపెట్టింది. మెలిపెడుతూ, "నీకు బుద్ధుందా?" అంది. "నీ దగ్గరుందా?" అన్నాను. మూడో చెవి లేదు గనక బతికిపోయాను.

బడిలో మాత్రం ఈ విద్య పనికిరాలేదు. "నిన్న ఎందుకు రాలేదు?" అని మాస్టారు అడిగితే "రాలేదని మీకెవరు చెప్పారండీ?" అన్నాను. అరచేతి మీద స్కేలు పడింది. ఆయన చెడ్డవాడు కాదు. కొట్టాక కూర్చోబెట్టి చెప్పేవాడు. "అడిగినదానికి పూర్తి వాక్యంలో జవాబు చెప్పాలి. లేచి నిలబడాలి. చేతులు కట్టుకోవాలి. తెలిసింది చెప్పాలి. అదే చదువంటే." పోగా పోగా నాకూ అందులో ఒక రుచి దొరికింది. ముఖ్యంగా లెక్కల్లో. లెక్కకి ఎదురు ప్రశ్న వేస్తే ఏం బాగుంటుంది? జవాబు చెప్పేస్తేనే ముద్దొస్తుంది. ఐదో తరగతికొచ్చేసరికి మాస్టారు ఏది అడిగినా మొదట లేచేది నేనే. "ఈ పిల్లని చదివించండమ్మా, టీచరవుతుంది" అని ఒకసారి ఇంటికొచ్చి చెప్పాడు. "అయితే మీరేం చేస్తారండీ?" అంది మామ్మ.

ఆ వానాకాలమే నాన్న వెళ్ళాడు.

నాన్న ఒక్కడే చిన్న తెప్ప మీద వెళ్ళేవాడు. పొద్దున బయల్దేరితే మర్నాటికి తిరిగొచ్చే వేట. ఆ రోజు నేనేమీ అడగలేదు. ఈ విషయంలో మాత్రం నా తప్పు లేదు. ఒట్టు. నాన్నే అడిగాడు, "ఏం తెమ్మంటావే?" అని. "ఏం దొరుకుతాయేంటి?" అన్నాను. నాన్న నవ్వి, నా నెత్తి మీద ఒక్కటిచ్చి వెళ్ళిపోయాడు. మా ఇద్దరి మధ్య చివరి మాటలు రెండూ ప్రశ్నలే.

రెండో రోజు గాలి మారింది. వాయుగుండం పట్టిందన్నారు. మూడో రోజుకి మిగతా తెప్పలన్నీ చెల్లాచెదురుగా ఒడ్డుకి చేరాయి. నాన్నది రాలేదు. గాలి తగ్గాక మగాళ్ళు వెళ్ళి వెతికొచ్చారు. ఒడ్డెక్కి ఎవరూ ఏమీ చెప్పలేదు. మామ్మా ఏమీ అడగలేదు. "గంజి తాగుతారా?" అని మాత్రం అంది.

నాన్న పోయాడని ఏడ్వడానికీ లేదు. అలా ఒరిస్సా వైపు కొట్టుకుపోయి, రెండు నెలలకి రైలెక్కి ఇంటికొచ్చినవాళ్ళు మా వీధిలోనే ఉన్నారు. నేను నీళ్ళు తాగించిన ఆ ముసలాయన వయసులో ఉండగా అలా వచ్చినవాడే. కాబట్టి మా ఇంట్లో ఎవరూ ఆ ఊసెత్తలేదు. అమ్మ బొట్టు పెట్టుకుని రోజూ బుట్ట ఎత్తుకునేది. మామ్మ పొద్దున్నే నాన్న తుండుగుడ్డ ఉతికి ఆరేసేది. తడి తుండు కట్టుకునేవాడు లేకుండా అలా రోజూ ఎండేది. పొరుగింటివాళ్ళు వస్తే, "మీ వాడి కబురేమైనా..." అని మొదలుపెట్టేలోపే మామ్మ, "మీ మేకీనిందా?" అని అడ్డం పడేది. వాళ్ళకీ తెలుసు. మేక సంగతి చెప్పేసి వెళ్ళిపోయేవాళ్ళు.

నేను మాత్రం లెక్కల పుస్తకం చివరి పేజీలో రోజుకొక గీత గీసేదాన్ని. ఐదో గీత అడ్డంగా. మాస్టారు నేర్పిన పద్ధతే. ఎవరికీ చూపించలేదు. ఎందుకు గీశానో కూడా తెలియదు. లెక్క అంటే ఎక్కడో ఒకచోట తేలుతుంది కదా, అంతే అనుకున్నానేమో.

ఆ వాయుగుండానికే మా ముందు వరస ఇళ్ళు మూడు నీళ్ళలో కలిశాయి. మా పెరడు సగం పోయింది. అన్నం తింటుంటే కెరటం చప్పుడు గోడ అవతల కాదు, కంచం కింద వినిపించేది. అప్పుడొచ్చారు కాయితాల ఆఫీసరు. ఒడ్డున ఉన్న ఇళ్ళన్నీ రాసుకుని, మెరక మీద కాలనీలో స్థలాలిస్తారట. రాసుకున్న ఇంటికే స్థలం. రాయని ఇంటికి లేదు. ప్యాంటు మోకాళ్ళ దాకా మడుచుకుని, గొడుగేసుకుని, పక్కన పుస్తకం పట్టుకున్న గుమస్తాతో మధ్యాహ్నం పూట మా ఇంటికొచ్చారు. అమ్మ గుమ్మం పక్కన కూర్చుని కవళ్ళ చేపలకి పొలుసు తీస్తోంది. నేను బడి లేక ఇంట్లోనే ఉన్నాను. మామ్మ ఎదురెళ్ళింది.

"ఈ ఇల్లెవరిదమ్మా?"

"మాది కాకపోతే ఇందులో మేమెందుకుంటాం బాబుగారూ?"

"ఎన్నాళ్ళ నుంచి ఉంటున్నారు?"

"సముద్రం ఇక్కడికొచ్చి ఎన్నాళ్ళయిందో మీ కాయితంలో ఉందాండి?"

గుమస్తా నవ్వాడు. ఆఫీసరు నవ్వలేదు గానీ కోప్పడలేదు కూడా. "ఇంటాయన ఏడీ?"

"మగాడు పగటేళ ఇంట్లో కూర్చుంటాడాండి?"

"వేటకెళ్ళాడా?"

"వేటకి కాకపోతే ఊడుపులకెల్తాడా?"

"ఎప్పుడొస్తాడు?"

మామ్మ మొహం ఒక్కసారిగా మారిపోయింది. "ఆ మాట అడక్కూడదని మీకెవరూ చెప్పలేదాండి?"

ఆఫీసరు గొడుగు ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. అలిసిపోయి ఉన్నాడు. "చూడు మామ్మా. రేపో ఎల్లుండో వచ్చే మనిషైతే ఆయన పేరున రాస్తాను, వచ్చి సంతకం పెడతాడు. రాడంటే ఆయన భార్య పేరున రాస్తాను. రెండిట్లో ఏదో ఒకటి చెప్పు. వెళ్ళి ఎన్నాళ్ళయింది? ఇదీ చెప్పకపోతే ఈ ఇల్లు వదిలేసి పక్కింటికి పోతాను. నాకింకా రెండు వీధులున్నాయి."

మామ్మ నోట ఈసారి ప్రశ్న కూడా రాలేదు. ఆమెకి మాట దొరక్కపోవడం నేను చూడటం అదే మొదటిసారి. గుమస్తా పెన్నుకి మూత పెట్టేశాడు. ఆ టిక్కుమన్న చప్పుడు ఇప్పటికీ నా చెవిలో ఉంది. ఇల్లు పోతుంది అనుకున్నాను. జవాబు తెలిసిన పిల్లని ఇంట్లో ఉంచుకుని ఇల్లు పోగొట్టుకుంటున్నారు వీళ్ళు అనుకున్నాను. లేచి నిలబడ్డాను. చేతులు కట్టుకున్నాను.

"మా నాన్న వేటకి వెళ్ళి నలభై మూడు రోజులు అయిందండీ."

పూర్తి వాక్యం. మాస్టారు వింటే వీపు తట్టేవారు.

మామ్మ నాకేసి చూసిన చూపు చెప్పడం నాకు చేతకాదు. కోపం కాదు. నేనెవరో పోల్చుకోలేనట్టు చూసింది.  అప్పుడు గుమ్మం పక్క నుంచి, చేతిలో కత్తి ఆపకుండానే, తలెత్తకుండానే అమ్మ అంది.

"నలభై నాలుగండి. పిల్ల ఎల్లిన పొద్దు వదిలేసింది."

మా అమ్మకి అంకెలు రావు. వంద చేపలు లెక్కపెట్టాలంటే నన్ను పిలిచేది. నలభై నాలుగు రోజులు ఎక్కడ దాచుకుందో, దేంతో లెక్కపెట్టిందో ఈరోజుకీ నాకు తెలియదు. మామ్మ మెల్లగా గోడకి చేరబడి కూర్చుండిపోయింది.

గుమస్తా పెన్ను మూత మళ్ళీ తీశాడు గానీ వెంటనే రాయలేదు. ఆఫీసరు గొడుగు ముడిచి, గొంతు తగ్గించి, "నీ పేరేంటమ్మా?" అని అడిగాడు. అమ్మ చెప్పింది. ఆవిడ తన పేరు తనే పలకడం నేను వినడం అదే మొదటిసారి. వాళ్ళు రాసుకుని వెళ్ళిపోయారు.

ఆ సాయంత్రానికే పొరుగువాళ్ళు రావడం మొదలుపెట్టారు. ఈసారి మేకల గురించి ఎవరూ మాట్లాడలేదు. ఒకావిడ బియ్యం తెచ్చింది, ఒకావిడ అమ్మ పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. అంకె బయటికొచ్చాక ఇంక దాన్ని వెనక్కి నెట్టేవాళ్ళు లేరు. కులపెద్దలు కూర్చుని, ఇన్నాళ్ళయ్యాక చెయ్యాల్సినవి చేసెయ్యాలన్నారు. చేశారు. అమ్మ బొట్టు పోయింది. మామ్మ మాత్రం ఆ రోజు ఇంట్లోంచి బయటికి రాలేదు. పిలవడానికెళ్ళిన వాళ్ళని, "ఎవరికి చేస్తన్నారు మీరు?" అని అడిగింది. తుండుగుడ్డ ఉతకడం మానలేదు. తను పోయేదాకా నాతో మాట్లాడింది, అన్నం పెట్టింది, జడ వేసింది. కానీ నన్ను మళ్ళీ ఏదీ అడగలేదు. ఒక్క ప్రశ్న కూడా.

నేను బడికి వెళ్ళలేదు. అమ్మ వెంట బుట్ట మోయడానికి మనిషి కావాలన్నది నిజమే, అందరికీ అదే చెప్పాం. మాస్టారు ఒకరోజు సైకిలు మీద వచ్చారు. "ఎందుకు రావట్లేదమ్మా?" అన్నారు.

"వచ్చి ఏం చెప్పాలండీ?" అన్నాను.

ఆయన స్కేలు తీయలేదు. జేబులోంచి రుమాలు తీశారు గానీ ముక్కుకి పెట్టుకోలేదు. సైకిలెక్కి వెళ్ళిపోయారు. ఆ తర్వాత నుంచి నేను ఎవరికీ దేనికీ జవాబు చెప్పలేదు. జనం దాన్ని చలాకీతనం అన్నారు. చేపలు బాగా అమ్ముడుపోయాయి.

కాలనీలో స్థలం వచ్చింది, అమ్మ పేరున. మరో రెండు వానాకాలాలకి మా పాత వీధి మొత్తం పోయింది. ఆ రోజు ఇంట్లో మనిషి లేక, ఉన్నవాళ్ళు మాట చెప్పక పేరు రాయించుకోని వాళ్ళు ఎవరి పంచన చేరారో, ఎన్ని ఊళ్ళు తిరిగారో నాకు తెలుసు. మేం మాత్రం పెంకుల కింద పడుకున్నాం. మరి నేను చేసింది మంచే కదా? ఆ లెక్క వేసి చూస్తే మంచే. ఇంకో లెక్క వేస్తాను. నేను నోరు మూసుకుని ఉంటే మామ్మకి కొడుకు ఇంకొన్నాళ్ళుండేవాడు, అమ్మకి బొట్టుండేది, నలభై ఐదో రోజున రైలు దిగడానికి నాన్నకి కాస్త చోటుండేది. రాడు అని నాకిప్పుడు తెలుసు. అయినా ఆ చోటు మూసింది నేనే కదా అనిపిస్తుంది. అమ్మ ఎందుకు సరిదిద్దింది? నా మాటకి బలం ఇవ్వడానికా, లేక ఒక్క రోజైనా తగ్గించి చెప్పడం నాన్నకి అన్యాయమనా? ఒకరోజు ఒకలా అనిపిస్తుంది, ఇంకోరోజు ఇంకోలా.

అమ్మ కూడా ఆ ఒక్కసారి తప్ప ఎవరికీ సూటిగా చెప్పలేదు. సంతలో కొత్తవాళ్ళెవరైనా మీ ఆయనేం చేస్తాడమ్మా అంటే, "మీ ఆయనేం చేత్తాడు?" అనేది నవ్వుతూ.

ఆవిడ పెద్దదయ్యాక, బజారు మానేసి ఇంటిపట్టునే ఉంటున్న రోజుల్లో, ఒక మధ్యాహ్నం ఖాళీ బుట్ట దించి పక్కన కూర్చున్నాను. ఆ రోజు ఎందుకో ధైర్యం వచ్చింది. అడిగేశాను.

"అమ్మా, ఆ రోజు నేను చెప్పకుండా ఉండాల్సిందా?"

అమ్మ చెంగుతో నా మెడ మీద చెమట తుడిచింది.

"అన్నం తిన్నావా?" అంది.

బజారులోనే తినేసి వచ్చాను. కడుపు నిండా తిన్నాను.

"లేదు" అన్నాను.

మోకాళ్ళ మీద చేతులానించి లేచి, వంటింట్లోకి వెళ్ళి, నాకు కంచం కడిగింది.